తీగపాకం... వియన్నాలో!

సంక్రాంతి ముందు అరిసెలు వండే ఇంట్లో, పొయ్యి దగ్గర పాకం కలిపే మనిషిని ఎవరూ పలకరించరు. కబుర్లలో పడి క్షణం ఏమరితే అంతే... పాకం లేతైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పళ్లకు పనిపెడుతుంది. అలాంటి నిశ్శబ్దమే యూరప్ నడిబొడ్డున ఉన్న వియన్నా నగరంలోనూ ఉంటుంది. అక్కడ కలిపేది బెల్లంపాకం కాదు, చాక్లెట్ పాకం. వండేది అరిసెలు కాదు, కేకు. పేరు జాహర్ టోర్ట్. దాదాపు రెండు శతాబ్దాలుగా ఆ ఊరికి పేరు తెచ్చిపెడుతున్న ఆ కేకు గొప్పదనమంతా పైనున్న పల్చటి పూతలోనే ఉంది. గరుకు లేకుండా, పగుళ్లు లేకుండా, పట్టులా నిగనిగలాడే పూత!

పిల్లల పుట్టినరోజుకి ఇంట్లోనే కేకు చేయాలని సరదాపడే అమ్మలందరికీ తెలుసు- కేకు పొంగడం ఒక ఎత్తు, మీద చాక్లెట్ ఐసింగ్ నున్నగా రావడం ఒక ఎత్తు. ఒకసారి గింజలు గింజలుగా మారుతుంది. ఒకసారి ముద్దకడుతుంది. మరోసారి కేకు మీద నిలవకుండా పళ్లెంలోకి జారిపోతుంది. అటు చూస్తే అతిథులు వచ్చే వేళ! ఆ కంగారుకి మందు కావాలంటే వియన్నా వీధుల్లో ఓసారి తిరిగి రావాల్సిందే.

ఒపేరా వెనక వీధిలో...

వియన్నాలో కార్ల్స్‌ప్లాట్జ్ మెట్రో స్టేషన్‌లో దిగి పైకి వస్తే ఎదురుగా ఒపేరా భవనం కనిపిస్తుంది. 1869లో తెరిచిన ఆ సంగీతశాలకు వెనక వైపున, రోడ్డు దాటగానే హోటల్ జాహర్. కింది అంతస్తులోనే కాఫీహౌస్. ఎర్రటి గోడలు, ఎర్రటి కుర్చీలు, వేలాడే దీపాలు. బయట మాత్రం ఎప్పుడూ వరస. ఎండాకాలమైనా మంచుకురిసే డిసెంబరైనా పర్యటకులు ఓపిగ్గా నిలబడుతూనే ఉంటారు.

లోపల కూర్చుని అడగగానే తెల్లటి పళ్లెంలో ముదురు గోధుమరంగు ముక్క వస్తుంది. దాని మీద గుండ్రటి చాక్లెట్ ముద్ర, పక్కన గిలక్కొట్టిన క్రీము. కాఫీతోపాటు చిన్న ట్రేలో ఓ గ్లాసు మంచినీళ్లు కూడా పెడతారు. అది వియన్నా కాఫీహౌస్‌ల ఆనవాయితీ. ఒక్క కాఫీ తాగి గంటలకొద్దీ పేపరు చదువుకుంటూ కూర్చున్నా అక్కడ ఎవరూ లేవమనరు. ఆ సంప్రదాయాన్ని 2011లో ఆస్ట్రియా తన సాంస్కృతిక వారసత్వ జాబితాలోనూ చేర్చుకుంది.

మన బేకరీల్లోని మెత్తటి క్రీము కేకులు అలవాటైన నోటికి మొదటి ముద్ద కాస్త నిరాశే కలిగించవచ్చు. కేకు కొంచెం పొడిపొడిగా ఉంటుంది. అందుకే పక్కన క్రీము. అందులో చక్కెర వేయరు. తీపి అంతా పై పూతలోనూ దాని కిందున్న ఆప్రికాట్ జామ్‌లోనూ ఉంటుంది కాబట్టి, క్రీము ఆ తీపిని సర్దుతుంది. మూడూ కలిపి నోట్లో పెట్టుకుంటే అప్పుడు తెలుస్తుంది- పంటికింద సన్నగా చిట్లి, వెంటనే కరిగి, పుల్లటి జామ్‌లో కలిసిపోయే ఆ పూత గొప్పదనం.

పదహారేళ్ల కుర్రాడికి పరీక్ష

ఈ కేకు పుట్టుక వెనక ఓ కథ ఉంది. 1832లో ఆస్ట్రియా విదేశాంగమంత్రి మెటర్నిక్ తన ఇంటికి పెద్దలను విందుకి పిలిచాడు. కొత్తరకం తీపి వంటకం ఏదైనా చేయమని వంటవాళ్లకు కబురు పంపాడు. ఆరోజే పెద్ద వంటవాడు జబ్బుపడ్డాడు. ఆ బాధ్యత వచ్చి వంటగదిలో పని నేర్చుకుంటున్న ఫ్రాంజ్ జాహర్ మీద పడింది. అతనికప్పుడు పదహారేళ్లు! తన పరువు తీయొద్దని మంత్రి హెచ్చరించాడట కూడా. ఆ కుర్రాడు చాక్లెట్ కేకు చేసి, ఆప్రికాట్ జామ్ రాసి, పైన చాక్లెట్ పాకం పోశాడనీ అతిథులు మెచ్చుకున్నారనీ ఆ కుటుంబం చెప్పుకునే కథ. చరిత్రకారుల్లో కొందరు ఇది అక్షరాలా నిజమని ఒప్పుకోరు. అయినా వియన్నా మాత్రం దీన్ని వదులుకోలేదు.

కథ సంగతెలా ఉన్నా ఆ రోజుల్లో నున్నటి పూత చేయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అప్పటి చాక్లెట్ ఇప్పుడు దొరికేంత మెత్తగా ఉండేది కాదు. చాక్లెట్‌ని గంటల తరబడి మెదిపి, నోట్లో వెన్నలా కరిగేలా చేసే కాంచింగ్ పద్ధతిని స్విట్జర్లాండ్‌లో రొడాల్ఫ్ లింట్ 1879లో కనిపెట్టాడు. జాహర్ కేకు అంతకు ఎన్నో ఏళ్ల ముందుది. గరుకు చాక్లెట్‌ని నున్నటి పూతగా మార్చాలంటే చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే... చక్కెర పాకం!

ఫ్రాంజ్ పెద్ద కొడుకు ఎడ్వర్డ్ కూడా అదే వృత్తిలోకొచ్చాడు. రాజకుటుంబానికి మిఠాయిలు అందించే డేమెల్ దుకాణంలో పని నేర్చుకున్నాడు. తండ్రి కేకుకి తుదిరూపు ఇచ్చింది అక్కడే అంటారు. 1876లో ఒపేరా వెనక హోటల్ తెరిచాడు. 1892లో అతను చనిపోయాక భార్య అన్నా పగ్గాలు పట్టింది. మాంసం దుకాణదారు కూతురైన ఆమె, ఆడవాళ్లు వ్యాపారం చేయడమే వింతగా చూసే కాలంలో ఆ హోటల్‌ని ఐరోపా రాజకుటుంబాలు దిగే చోటుగా మార్చేసింది. నోట్లో చుట్ట, చుట్టూ బుల్‌డాగ్ కుక్కపిల్లలతో తిరిగే ఆమెను వియన్నా ఇప్పటికీ తలచుకుంటుంది. గొప్ప గొప్ప అతిథులతో బల్లగుడ్డ మీద సంతకాలు పెట్టించుకుని వాటిని దారంతో కుట్టించడం ఆమె సరదా.

జామ్ ఒక పొరా... రెండు పొరలా?

అన్నా 1930లో కన్నుమూసింది. మరో నాలుగేళ్లకు హోటల్ దివాలా తీసి, కొత్త యజమానుల చేతికి వెళ్లింది. అన్నా కొడుకు, అతని పేరూ ఎడ్వర్డే, డేమెల్‌లో చేరాడు. తాతగారి కేకు హక్కు కూడా అతనితోపాటు అక్కడికి వెళ్లింది. ఇటు హోటల్ కొత్త యజమానులు 1938లో 'అసలైన జాహర్ టోర్ట్' అంటూ పేరు నమోదు చేయించుకుని అమ్మకం మొదలుపెట్టారు. అసలుది మాదంటే మాదని రెండు పక్షాలూ పట్టుబట్టాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1954లో గొడవ కోర్టుకెక్కింది.

నల్లకోట్లు వేసుకున్న లాయర్లు వాదించుకున్న విషయాల్లో ఒకటి వింటే నవ్వొస్తుంది. కేకుని మధ్యకి కోసి జామ్ రాయాలా, లేక పూత కింద మాత్రమే రాయాలా? ఫ్రిడ్రిష్ టోర్బెర్గ్ అనే పేరున్న రచయిత కూడా సాక్ష్యం చెప్పాడు. అన్నా బతికున్న రోజుల్లో కేకుని మధ్యకి కోసి జామ్ పెట్టడమన్నది లేనే లేదన్నది ఆయన మాట. ఆవకాయలో వెల్లుల్లి వేయాలా వద్దా అని రెండు కుటుంబాలు కోర్టుకెళితే ఎలా ఉంటుందో, ఇదీ అంతే!

చివరికి 1963లో రాజీ కుదిరింది. 'అసలైన జాహర్ టోర్ట్' పేరూ గుండ్రటి చాక్లెట్ ముద్రా హోటల్‌కి దక్కాయి. డేమెల్ ఎడ్వర్డ్ జాహర్ పేరుతో మూడు మూలల ముద్ర వేసుకుని అమ్ముకోవచ్చన్నారు. హోటల్ కేకులో జామ్ రెండుచోట్ల ఉంటుంది- మధ్యలో ఒకటి, పూత కింద ఒకటి. డేమెల్ కేకులో పూత కింద మాత్రమే. ఒపేరా నుంచి డేమెల్ ఉన్న కోల్‌మార్క్ట్ వీధికి తీరిగ్గా నడిచినా పావుగంట పట్టదు. అందుకే వియన్నా వెళ్లినవాళ్లలో చాలామంది ఒకేరోజు రెండూ తిని, తీర్పు తామే చెప్పేసుకుంటారు.

ఇన్నేళ్ల గొడవలో రెండు పక్షాలూ ఒప్పుకున్న విషయం ఒకటుంది. జామ్ ఎక్కడ పెట్టినా, పైన పోసే చాక్లెట్ పాకం మాత్రం నున్నగా ఉండాల్సిందే!

గాజుగోడ అవతల

1786 నాటి డేమెల్ దుకాణంలో మిఠాయిలు తయారయ్యే చోటు గాజుగోడ వెనక ఉంటుంది. వచ్చినవాళ్లు నిలబడి చూడొచ్చు. నల్లదుస్తుల్లో వడ్డించే ఆడవాళ్లు అటూ ఇటూ తిరుగుతుంటే, గాజు వెనక తెల్లకోట్ల పనివాళ్లు తలెత్తకుండా పని చేసుకుపోతుంటారు. అటు హోటల్ జాహర్ వాళ్ల లెక్క ప్రకారం ఒక కేకు తయారవడానికి 34 దశలు. ఏటా అలా 3 లక్షల 60 వేలకు పైగా కేకులు చేస్తున్నామని చెబుతారు. వాటిలో కొన్ని చెక్కపెట్టెల్లో సర్దుకుని దేశదేశాలకు వెళతాయి.

ఆ దశల్లో ఊపిరి బిగబట్టాల్సిన ఘట్టం పూత పోయడమే. పాతకాలపు వియన్నా పద్ధతిలో ముందు చక్కెర, నీళ్లు కలిపి మరిగిస్తారు. వేళ్ల మధ్య పెట్టి సాగదీస్తే తీగలా రావాలి. అవును... మన తీగపాకమే! ఉష్ణమాపకం పెట్టి చూస్తే 106 నుంచి 112 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. అందులో చాక్లెట్ కరిగిస్తారు. తర్వాత అందులో కొంత తీసి చల్లటి చలవరాతి మీద పోసి, పొడవాటి కత్తితో అటూ ఇటూ రుద్దుతారు. మెరుపు తగ్గి చిక్కబడగానే దాన్ని మళ్లీ గిన్నెలో కలిపేస్తారు. అలా రెండుమూడుసార్లు. ఆపైన కేకు మధ్యలో మొత్తం ఒక్కసారే పోసి, కత్తితో రెండుమూడు దెబ్బల్లో అంచులదాకా నడిపిస్తారు. నాలుగోసారి రుద్దితే చార పడుతుంది. ఒకసారి చార పడిందంటే ఆ కేకు ముద్రకి పనికిరాదు.

తెలుగింటి పెద్దవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. పెళ్లి సారెలో పెట్టే పంచదార చిలకలు పోసేటప్పుడు పాకాన్ని గరిటెతో రుద్ది, తెల్లబారగానే అచ్చుల్లో పోస్తారు కదా! బాదుషా మీద తెల్లగా పేరుకునే పొర వెనకున్నదీ అదే కిటుకు. చక్కెరకి మళ్లీ గట్టిపడే బుద్ధి ఉంది. ఆ బుద్ధిని ఎప్పుడు, ఎంతవరకు బయటికి రానివ్వాలన్నదే పాకశాస్త్రం.

గరుకు ఎక్కడి నుంచి వస్తుందంటే...

మనిషి నాలుక చాలా గడుసుది. మిల్లీమీటరులో వెయ్యోవంతుని మైక్రాన్ అంటారు. దాదాపు ముప్ఫై మైక్రాన్లు దాటిన రేణువు ఏదైనా సరే నాలుక గరుకని పట్టేస్తుంది. అంతకన్నా చిన్నవైతే నున్నగా ఉందంటుంది. అంటే ఐసింగ్ నునుపంతా చక్కెర స్ఫటికాల పరిమాణంలోనే ఉంది.

పాకం మరిగేటప్పుడు గిన్నె అంచులకు చక్కెర పలుకులు అంటుకుంటాయి. వాటిలో ఒక్కటి లోపలికి జారినా దాని చుట్టూ పెద్ద పెద్ద స్ఫటికాలు పేరుకుంటాయి. పిల్లలు నోట్లో పెట్టుకుని 'ఇసకలా ఉందమ్మా' అనేది అందుకే. వేడివేడిగా ఉన్నప్పుడు కలిపినా అదే జరుగుతుంది. కొంచెం చల్లారాక రుద్దితే మాత్రం లక్షల కొద్దీ చిన్న స్ఫటికాలు ఒకేసారి పుట్టి, ఏదీ పెద్దదయ్యే అవకాశం లేకుండా పోతుంది. చలవరాతి మీద రుద్దడంలోని రహస్యం అదే.

ముద్దకట్టడం మరో కథ. కరిగిన చాక్లెట్‌లో రెండుమూడు నీటిచుక్కలు పడితే చాలు, లోపలి చక్కెర, కోకో రేణువులు ఆ తడిని పట్టుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. తడి గరిటె పెట్టినా, పక్కనున్న గిన్నె ఆవిరి తగిలినా అంతే. విచిత్రమేంటంటే నీళ్లు కొంచెమైతేనే ప్రమాదం. ఎక్కువైతే రేణువులు మళ్లీ విడిపోయి ద్రవంలా మారతాయి. చాక్లెట్‌లో పాకం చుక్కలు చుక్కలుగా పోసే కంటే, పాకంలోనే చాక్లెట్‌ని వేయడం మేలనేది అందుకే.

జారిపోవడానికి కారణం వేడి. గోరువెచ్చగా ఉండాల్సిన పాకాన్ని మరుగుతుండగానే పోస్తే నిలబడదు. మరీ చల్లారితే గరిటె జాడలు మిగిలిపోతాయి. ఈ రెండింటి మధ్య ఉండేది కొద్దిసేపే.

మన గోదావరి... మన ఖుబానీ

వియన్నా కేకుకి కావలసినవన్నీ వెతికితే తెలుగునేల మీదే దొరుకుతాయి. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన అంతరపంటగా వేస్తారు. కాయ పగలగొట్టి తీసిన గింజల్ని కొన్నిరోజులు పులియబెట్టి ఎండబెడితేనే చాక్లెట్ వాసన వస్తుంది. ఇదివరకు ఆ గింజలు బస్తాల్లో కంపెనీలకు వెళ్లిపోవడమే తప్ప అక్కడి రైతుల పిల్లలకు కూడా వాటితో చేసిన చాక్లెట్ ఇదీ అని తెలిసేది కాదు. ఇటీవలి కాలంలో ఆ గింజలతోనే ఇక్కడే చాక్లెట్ తయారుచేసి, ఊరిపేరు చెప్పి మరీ అమ్ముతున్నారు.

ఇక ఆప్రికాట్. ఆస్ట్రియాలో డాన్యూబ్ నది ఒడ్డునున్న వాహౌ లోయ వాటికి ప్రసిద్ధి. మనకు పచ్చి పండు అరుదే కానీ ఎండు ఆప్రికాట్ లేనిదే హైదరాబాద్ పెళ్లి విందు పూర్తికాదు. ఖుబానీ కా మీఠా అదే కదా! రాత్రంతా నానబెట్టి, చక్కెర వేసి ఉడికించి, మెత్తగా రుబ్బి వడకడితే కేకుకి కావలసిన జామ్ సిద్ధం. విందులో మిగిలిన ఖుబానీని ఇలా వాడేసినా కాదనేవారు లేరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది తీగపాకం. దాన్ని ఏ వియన్నా వంటవాడూ మన అమ్మమ్మలకు నేర్పక్కర్లేదు. పుస్తకంలో డిగ్రీలు చూడకుండా, రెండు వేళ్లతో పట్టి చెప్పేస్తారు. మనవరాలు కేకు చేస్తుంటే 'ఆ ఇంగ్లిషు వంటలు మాకేం తెలుస్తాయే' అంటూ దూరంగా కూర్చునే పెద్దావిడను ఓసారి పొయ్యి దగ్గరికి పిలిచి చూడండి. ఫ్రాంజ్ జాహర్‌కి ఆ సాయంత్రం తోడుగా ఎవరున్నారో తెలియదు కానీ, మన ఇళ్లలో మాత్రం పాకం చూసిపెట్టే మనిషి పక్కగదిలోనే ఉంటుంది!

ఇంట్లో చేయాలంటే...

కావలసినవి: చక్కెర 200 గ్రాములు, నీళ్లు 125 మిల్లీలీటర్లు, డార్క్ చాక్లెట్ 150 గ్రాములు, ఆప్రికాట్ జామ్ లేదా వడకట్టిన ఖుబానీ గుజ్జు 200 గ్రాములు. తొమ్మిది అంగుళాల కేకుకి సరిపోతుంది. ఈ పూతలో గుడ్డు లేదు, వెన్నా లేదు. కాబట్టి గుడ్డు తినని ఇళ్లలో ఎగ్‌లెస్ కేకు మీద నిశ్చింతగా పోసుకోవచ్చు.

* కేకు పూర్తిగా చల్లారాలి. పైభాగం ఉబ్బెత్తుగా ఉంటే సమంగా కోసి, తిరగేసి పెట్టుకోవాలి. అడుగువైపు నున్నగా ఉంటుంది.

* జామ్‌ని వేడిచేసి, పల్చగా ఉండగానే పైనా పక్కలా రాయాలి. పొడి రాలకుండా ఇది పట్టి ఉంచుతుంది. చేతికి అంటుకోనంతగా ఆరాకే పూత పోయాలి.

* చక్కెర, నీళ్లు కలిపి కరిగేదాకా తిప్పాలి. మరగడం మొదలయ్యాక గరిటె పెట్టకూడదు. అంచులకు పలుకులు కనిపిస్తే తడి బ్రష్‌తో తుడిచేయాలి. పెద్దమంట మీద అయిదు నిమిషాలు మరిగితే తీగ వస్తుంది.

* గులాబ్‌జామ్ పాకంలో వేసినట్టు నిమ్మరసం వేయొద్దు. అది గడ్డకట్టనివ్వదు. ఇక్కడ పూత గట్టిపడడమే కావాలి.

* దించి కాస్త చల్లారనిచ్చి, సన్నగా తరిగిన చాక్లెట్‌ని కొంచెం కొంచెంగా వేస్తూ కలపాలి. గాలిబుడగలు రాకుండా నెమ్మదిగా తిప్పాలి. గరిటె వెనక పల్చటి పొరలా నిలిస్తే సిద్ధమైనట్టు.

* కేకుని జాలీ మీద పెట్టి, కింద పళ్లెం ఉంచి, గోరువెచ్చటి పూతని మధ్యలో ఒక్కసారే పోయాలి. రెండుమూడుసార్లకు మించి కత్తి తిప్పొద్దు.

* చిక్కబడిపోతే చెంచాడు వేడినీళ్లు కలపొచ్చు. గింజలు కట్టిందంటే మాత్రం ఇంకొంచెం నీళ్లు పోసి, పలుకులన్నీ కరిగేదాకా మళ్లీ సన్నమంట మీద పెట్టాల్సిందే.

* దుకాణంలో కాంపౌండ్ పేరుతో అమ్మేదాంట్లో కోకో వెన్నకి బదులు వేరే నూనెలుంటాయి. అది పనికొస్తుంది కానీ రుచి వేరు. పొట్లం మీద రాసింది చదివి కొనుక్కోవాలి.

* ఆరడానికి ఫ్రిజ్‌లో పెట్టొద్దు. బయటికి తీయగానే చెమ్మ పట్టి, పూత మెరుపు పోతుంది. చల్లటి గదిలో వదిలేస్తే చాలు. వానాకాలంలో చక్కెర గాలిలోని తేమని లాగేస్తుంది కాబట్టి పోసిన రోజే కోసుకోవడం మంచిది.

* కోసేటప్పుడు కత్తిని వేడినీళ్లలో ముంచి తుడిచి వాడితే పూత పగలదు. ఒక్కో ముక్కకీ ఒక్కోసారి ముంచాలి. పుట్టినరోజు పాపాయికి మొదటి ముక్క... రెండోది పాకం చూసిపెట్టిన అమ్మమ్మకి!